సెకండ్‌హ్యాండ్ 150-600 లెన్స్ కొంటున్నారా? కర్నూలులో నాకు జరిగింది చదివి కొనండి

కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు ఎవరైనా దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే పాత టెలిఫొటో జూమ్ లెన్స్ కోసం వెతుకుతుంటే, డబ్బులు పంపే ముందు రెండు నిమిషాలు ఆగండి. నాకు 58 వేలు పోయాయి. లెన్స్ బీరువాలోనే ఉంది, కానీ పూర్తి జూములో, అంటే 600 మిల్లీమీటర్ల దగ్గర, దాంతో తీసిన ఫొటో ఒక్కటీ పనికి రాదు. కంపెనీ పేరు రాయను, తప్పు వాళ్లది కాదు. అమ్మినాయన పేరూ రాయను, అదో కొత్త తలనొప్పి.

రోళ్లపాడు కృష్ణజింకల కోసం కొన్నాను. నా 70-300 లెన్స్‌తో జింక ఎప్పుడూ ఫ్రేములో చీమంతే. ఆన్‌లైన్ ప్రకటనలో ఆకుపచ్చ పూల దుప్పటి మీద పెట్టి తీసిన లెన్స్ ఫొటో చూశాను. 'కొత్తదానిలా ఉంది, వారంటీ ఉంది' అని రాశాడు. ఫోన్ చేస్తే సాయంత్రం ఏడు దాటాక కొండారెడ్డి బురుజు దగ్గరికి రమ్మన్నాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. పగలు రమ్మంటే డ్యూటీ అన్నాడు.

కారులో కూర్చునే చూశాను. ఎదురుగా టీ కొట్టు బోర్డు మీద 150 దగ్గర, 300 దగ్గర తీస్తే బాగానే వచ్చింది. 600కి లాగితే మసక. "చీకటి కదప్పా, ఆ జూములో ట్రైపాడ్ లేకుండా ఎవరికైనా షేకే వస్తుంది" అన్నాడు. మాట నిజమే, అందుకే నమ్మేశాను. సగం ఫోన్‌లో పంపి, సగం చేతికిచ్చాను. బిల్లు అడిగితే "నా మీద నమ్మకం లేదా అన్నా?" అన్నాడు. మొహమాటపడి ఊరుకున్నాను.

ఆదివారం నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు పోయాను. ఒకప్పుడు బట్టమేక పిట్టకు పేరుపడ్డ గడ్డి మైదానం అది. ఇప్పుడు నాలాంటివాళ్లు పోయేది జింకల కోసమే. మంచి కొమ్ముల మగ జింక దొరికింది. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఎడమవైపు గడ్డి పోచపోచా కనిపిస్తోంది, కుడివైపున్న జింక కన్ను మాత్రం అలికినట్టుంది. ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. పది గంటల ఎండకు నేల మీంచి సెగ లేస్తుంటే ఎంత ఖరీదైన లెన్సైనా సాఫ్ట్‌గానే తీస్తుంది. మరుసటి వారం తెల్లవారుజామునే పోయాను. అదే మసక, అదే కుడివైపు.

ఇక మిద్దె మీద ఈ చివర ట్రైపాడ్ పెట్టి, ఆ చివర పిట్టగోడకు దినపత్రిక అంటించాను. వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, 600 దగ్గర ఎఫ్/6.3లో, అంటే వెలుతురు వచ్చే రంధ్రం (అపెర్చర్) పూర్తిగా తెరిచి తీశాను. ఎడమ చివర వధూవరుల ప్రకటనల్లో చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు. కుడి చివర తడిసిన కాగితం మీద ఇంకు పాకినట్టుంది. పేపరు వంకరగా ఉందేమోనని కెమెరాను నిలువుగా తిప్పి తీశాను. మసక కూడా దాంతోపాటే తిరిగింది. అంటే లోపల గాజు పక్కకు జరిగిందన్నమాట. అప్పుడు చూసుకున్నాను, కెమెరాకు తగిలించే మౌంట్ దగ్గర రెండు స్క్రూల తలలు అరిగిపోయి ఉన్నాయి. ఎవరో విప్పి మళ్లీ బిగించారు. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూస్తే సాలెగూడు పోగుల్లా ఫంగస్ కూడా.

సర్వీస్ సెంటర్‌లో సీరియల్ నంబర్ చూసి, ఇది బయటి దేశంలో అమ్మిన పీసు, ఇక్కడ వారంటీ వర్తించదన్నారు. రిపేరుకు 19 వేలు అడిగారు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "నీ చేతిలోనే పడిందేమో" అని పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్.

పట్టపగలు, మీ కెమెరాకే తగిలించి, మీరు ఎక్కువగా వాడబోయే చివరి జూములో, అపెర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. కార్డు ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో చూశాకే డబ్బు. ఒప్పుకోకపోతే వదిలేయండి. షాపులో కొంటే బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. వ్యాపారి మోసం చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కాగితమే లేని నేను ఏం పట్టుకుని పోవాలి?

నికాన్ వాళ్లకు ఇంకో మాట. డి3000, డి5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డి రకం లెన్సులు వాటికి తగులుతాయి, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాల్సిందే. మా వీధిలో ఒక తమ్ముడు డి5600కి పాత 80-200 కొని, కబడ్డీ మ్యాచ్‌లో రింగు తిప్పుతూ కూర్చున్నాడు. అతనికీ అమ్మేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రాత్రి కబడ్డీ కోసమైతే లోపం లేని 150-600 కూడా కొనకండి. ఎఫ్/6.3లో వచ్చే వెలుతురు ఎఫ్/2.8లో వచ్చేదాంట్లో ఐదో వంతే. మోటార్ ఉన్న 70-200 ఎఫ్/2.8 పాతదైనా నయం.

నిన్న మళ్లీ ఒక ప్రకటన కనిపించింది. ఈసారి 100-400, ఫోన్ నంబర్ కొత్తది. దుప్పటి మాత్రం అదే ఆకుపచ్చ పూలది.