నెలనెలా మాత్రలకు యాప్ మేలా, ఏడాది బ్యాచ్ మేలా?

ఇంగ్లండులో ఉంటూ బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు వాడే మనవాళ్ళు ఈమధ్య నన్ను ఇదే అడుగుతున్నారు. నాన్నకు మూడు మందులు. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్. వాటిని పోయిన ఏడాది ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్ యాప్ నుంచి ఎలక్ట్రానిక్ రిపీట్ డిస్పెన్సింగ్‌కి, అంటే ఏడాది చీటీలు (ప్రిస్క్రిప్షన్లు) ఒకేసారి రాసిపెట్టే బ్యాచ్ పద్ధతికి, మార్పించాను.

యాప్‌కి వంక పెట్టడానికి లేదు. అర్ధరాత్రి అయినా ఆర్డర్ పెట్టొచ్చు, జీపీ (మన ఫ్యామిలీ డాక్టరు) ఒప్పుకున్నారో లేదో, చీటీ ఏ ఫార్మసీకి వెళ్ళిందో కనిపిస్తుంది. పెద్దవాళ్ళ తరఫున మనం ఆర్డర్ చేయాలంటే సర్జరీని (జీపీ క్లినిక్‌ని ఇక్కడ అలా అంటారు) అడిగి ప్రాక్సీ అనుమతి, అంటే వాళ్ళ బదులు మనం యాప్ వాడే అనుమతి, తీసుకుంటే చాలు. అప్పుడప్పుడు మాత్రమే వాడే ఇన్‌హేలర్, ఆయింట్‌మెంట్ లాంటివి అవసరమైనప్పుడే తెప్పించుకుంటాం కాబట్టి వాటికి యాపే సరైనది. మోతాదు ఇంకా కుదరక రక్తపరీక్షల చుట్టూ తిరుగుతున్నవాళ్ళకూ అంతే.

అయితే నన్ను మార్చింది ఒక ఈస్టర్ సెలవు. గుడ్ ఫ్రైడే ముందు గురువారం సాయంత్రం చూస్తే మెట్‌ఫార్మిన్ షీటులో రెండు రోజుల మాత్రలే ఉన్నాయి. అప్పుడే ఆర్డర్ పెట్టాను. ఆర్డర్ చూసి చీటీ రాయడానికి మా సర్జరీ లెక్క రెండు పనిదినాలు. శుక్రవారం సెలవు, శని ఆదివారాలు, సోమవారం మళ్ళీ బ్యాంక్ హాలిడే. అంటే మంగళ, బుధవారాలు గడిస్తే గానీ చీటీ బయటికి రాదు, ఆపైన ఫార్మసీవాళ్ళు మందు సిద్ధం చేయాలి. చివరికి ఎన్‌హెచ్ఎస్ హెల్ప్‌లైన్ 111ని ఆశ్రయిస్తే ఒక ఫార్మసీకి పంపి, చీటీ లేకుండానే కొన్ని రోజులకు సరిపడా ఇప్పించారు. ఆ రెండు రోజులూ నాన్న ముఖం చూడలేకపోయాను. ఊళ్ళో అయితే ఖాళీ షీటు తీసుకెళ్ళి మెడికల్ షాపులో చూపిస్తే ఇచ్చేవారని ఆయన బాధ.

అందుకే నేను ముందు చూసేది గుర్తుపెట్టుకునే బరువు ఎవరి మీద పడుతుందన్నదే. యాప్‌లో అది పూర్తిగా మన మీదే, అదీ ప్రతి 28 రోజులకో, 56 రోజులకో. బ్యాచ్‌లో జీపీ ఒకేసారి ఏడాది వరకు రాసిపెడతారు. ఆ చీటీలన్నీ మనం ఎంచుకున్న ఫార్మసీకి అందుబాటులో ఉంటాయి. గడువుకి నేరుగా అక్కడికి వెళ్ళి తీసుకోవడమే, మధ్యలో సర్జరీతో పనిలేదు. ఇచ్చే ముందు ఫార్మసిస్టు ఒంట్లో ఎలా ఉంది, కొత్త మందులేమైనా మొదలుపెట్టారా, ఈసారి ఏదైనా అక్కర్లేదా అని అడుగుతారు. ఇంట్లో మిగిలి ఉన్న మందును అప్పుడే వద్దని చెప్పాలి. నాన్న ఇప్పుడు తన మాత్రలు తనే నడిచి వెళ్ళి తెచ్చుకుంటున్నారు.

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. మధ్యలో మోతాదు మారితే పాత బ్యాచ్ రద్దుచేసి కొత్తది రాయించుకోవాలి. చివరి చీటీ వాడేశాక రివ్యూ (సర్జరీవాళ్ళు మందులను మళ్ళీ పరిశీలించడం) లేకుండా కొత్త బ్యాచ్ రాకపోవచ్చు, కాబట్టి నెల ముందే రక్తపరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. చట్టం గట్టిగా నియంత్రించే కొన్ని కంట్రోల్డ్ మందులు ఈ పద్ధతిలో ఇవ్వరు.

ఈ రెండూ కాక పాత దారులూ ఉన్నాయి. కావలసిన మందులకు కాగితం స్లిప్‌లో టిక్కుపెట్టి సర్జరీ పెట్టెలో వేయడం స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకు పనికొస్తుంది. మన తరఫున ఫార్మసీయే ఆర్డర్ చేయడాన్ని మందులు వృథా అవుతున్నాయని చాలాచోట్ల ఆపేశారు.

ఏ దారిలో వెళ్ళినా ఖర్చు మారదు. 60 ఏళ్ళు నిండినవాళ్ళకు ఉచితం. మిగతావాళ్ళకు 2024 మే నుంచి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. షుగర్‌కి మందులు వాడేవాళ్ళూ, థైరాయిడ్ తక్కువై మాత్రలు వేసుకునేవాళ్ళూ సర్జరీలో ఎఫ్‌పీ92ఏ అనే చార్జీ మినహాయింపు ఫారం అడిగి నింపితే, వాళ్ళకు రాసిన మందులన్నీ ఉచితమే. ఇది తెలియక ఏళ్ళ తరబడి డబ్బు కడుతున్నవాళ్ళను చూశాను. బీపీ ఒక్కటే ఉంటే మాత్రం ఇది వర్తించదు.

ఇండియా వెళ్ళేవాళ్ళు ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు సర్జరీతో మాట్లాడండి. మామూలుగా మూడు నెలలకు మించి ఇవ్వరు. బ్యాచ్ ఉన్నవాళ్ళు వచ్చే నెల చీటీని ముందే తీయమని ఫార్మసీని అడగొచ్చు. మేము పోయిన డిసెంబరులో అలాగే తీసుకెళ్ళాం.