డెనిస్ పాటర్: ముందు ‘పెన్నీస్ ఫ్రమ్ హెవెన్’ చూడాలా, ‘ది సింగింగ్ డిటెక్టివ్’ చూడాలా?

ఇంగ్లిష్ టీవీ నాటకం గురించి కాస్త తెలుసుకుందామని మొదలుపెట్టిన ఎవరికైనా రచయిత డెనిస్ పాటర్ పేరు తగలక తప్పదు. ఎక్కడ మొదలుపెట్టాలంటే సాధారణంగా వచ్చే సలహా: వరసగా చూడండి, ముందు 1978 నాటి సీరియల్ ‘పెన్నీస్ ఫ్రమ్ హెవెన్’, తర్వాత 1986 నాటి ‘ది సింగింగ్ డిటెక్టివ్’. మనవాళ్లకి మాత్రం ఈ వరస తిప్పెయ్యాలంటాను. దానికి కారణం పాటలు.

ముందు మనిషి గురించి రెండు ముక్కలు. పాటర్ 1935లో గ్లాస్టర్‌షైర్‌లోని ఫారెస్ట్ ఆఫ్ డీన్‌లో బొగ్గుగని కార్మికుడి ఇంట పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, పేపర్లో టీవీ సమీక్షలు రాశాడు, 1964లో లేబర్ పార్టీ టికెట్ మీద ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. ఆ అనుభవం మరుసటి ఏడాదే ‘ఓట్, ఓట్, ఓట్ ఫర్ నైజెల్ బార్టన్’ అనే టీవీ నాటకమైంది. అప్పటికే సోరియాసిస్ అనే చర్మవ్యాధి, దాంతోపాటు వచ్చే కీళ్లజబ్బు ఆయన్ని పట్టుకున్నాయి. వేళ్లు ముడుచుకుపోయినా చేత్తోనే రాసేవాడు. గని కార్మికుడూ ప్రొఫెసరూ ఒకే రాత్రి ఒకే నాటకం చూడగలిగేది టీవీలోనే అని నమ్మి, దాన్నే అంటిపెట్టుకున్నాడు.

‘పెన్నీస్ ఫ్రమ్ హెవెన్’ 1930ల కథ. ఆర్థర్ పార్కర్ పాటల నొటేషన్ కాగితాలు ఊరూరా తిరిగి షాపులకి అమ్ముకునే సేల్స్‌మన్. బాబ్ హాస్కిన్స్ వేశాడు. తెల్లవారుజామున పక్క మీద భార్య దగ్గరికి జరుగుతాడు, ఆవిడ విదిలించేస్తుంది. ఆర్థర్ నోరు తెరుస్తాడు, అందులోంచి ఒక ఆడగొంతు పాట వస్తుంది. 1930ల నాటి అసలు రికార్డు, ఆ పాత బాణీ, ఆ పాత వాద్యాలతో సహా. అలాంటిది టీవీలో ముందెప్పుడూ చూడని ఇంగ్లిష్ ప్రేక్షకులు అదిరిపోయారు. ఆ ఏటి అత్యంత కొత్తదనం ఉన్న కార్యక్రమంగా బ్రిటిష్ సినిమా, టీవీ అకాడమీ వారి బాఫ్టా అవార్డు కూడా ఇచ్చారు.

మరి మనకో? ఘంటసాల గొంతుకి ఎన్టీఆరూ ఏఎన్నారూ పెదవులు కదపడం చూస్తూ పెరిగినవాళ్లం. కథ మధ్యలో పాట రావడం, ఆ పాట ఇంకొకరి గొంతులో రావడం మనకి వింతేమీ కాదు. పాటర్ ఇవ్వదలుచుకున్న షాక్ మనకి తగలదు. ‘ఓ, మ్యూజికలా’ అనుకుని సర్దుకుని కూర్చుంటాం. అసలు తేడా తెలిసేసరికి రెండు మూడు భాగాలు గడిచిపోతాయి. మన సినిమాలో పాట ఎవరు పాడినా అది హీరో గొంతే అని ఒప్పుకుంటాం. ఇక్కడ పాట ఆర్థర్‌ది కానే కాదు, అతను అమ్ముకునే సరుకు. తనకి మాటల్లో పెట్టడం చేతకానిదంతా ఆ చవకబారు పాటల్లో ఉందని అతని నమ్మకం. పాట ఆగగానే అదే గది, అదే భార్య, అవే అప్పులు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంట్లో జరిగే సీన్లన్నీ స్టూడియోలో వీడియో టేపు మీద తీశారు, బయటివి ఫిల్మ్ మీద. ఇప్పటి కళ్లకి ఆ అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా ఆర్థర్ అబద్ధాలకోరు. ఆరు భాగాలు, ఒక్కోటి గంట పైనే, అతని వెంట తిరగాలంటే ఓపిక ఉండాలి. మధ్యలో నన్ను నిలబెట్టింది ఐలీన్ అనే స్కూలు టీచరుగా వేసిన షెరిల్ క్యాంప్‌బెల్.

‘సింగింగ్ డిటెక్టివ్’ కూడా ఆరు భాగాలే. ఫిలిప్ మార్లో డిటెక్టివ్ నవలలు రాసేవాడు. ఒళ్లంతా సోరియాసిస్‌తో పొలుసులు లేచి, కీళ్లు బిగుసుకుపోయి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. మైకేల్ గాంబన్ వేశాడు. (‘పాటర్’, ‘గాంబన్’ కలిపి వెతికితే ముందు హ్యారీ పాటర్ సినిమాల్లో గాంబన్ వేసిన డంబుల్‌డోర్ వస్తాడు, కంగారు పడకండి.) మొదటి భాగంలో డాక్టర్లు రౌండ్స్‌కి వస్తారు. పెద్ద డాక్టరు, వెనక శిష్యగణం. మంచం చుట్టూ నిలబడి అతని జబ్బు గురించి మాట్లాడుకుంటారే తప్ప అతనితో మాట్లాడరు. మార్లో ఏడుస్తాడు, ఇక భరించలేనంటాడు. వాళ్లు మందుల పేర్లు వల్లిస్తారు. ఉన్నట్టుండి వార్డంతా రంగుల లైట్లు, డాక్టర్లూ నర్సులూ ‘డ్రై బోన్స్’ పాటకి చిందులు. ఏ ఎముక ఏ ఎముకకి అతుక్కుని ఉందో చెప్పే హుషారు పాట అది, తల కూడా తిప్పలేని మనిషి చుట్టూ.

ఇక్కడ ఎన్ని సినిమాలు చూసి వచ్చినవాడైనా ఉలిక్కిపడతాడు. ఆర్థర్ పాటల్ని తనే కోరి పిలుచుకుంటాడు. మార్లో మీదికి అవి పిలవకుండా వచ్చి పడతాయి, జ్వరం పేలాపనలా. పాటర్ పాటల్ని ఏం చేస్తున్నాడో ఈ ఒక్క సీనుతో అర్థమైపోతుంది. అది అర్థమయ్యాక వెనక్కి వెళ్లి ‘పెన్నీస్’ చూస్తే అక్కడి పాటలు కూడా వేరేగా వినిపిస్తాయి. నేను వరస తిప్పమనేది ఇందుకే.

కథ మూడు దారుల్లో నడుస్తుంది: ఆసుపత్రి, మార్లో తలలో తిరుగుతున్న 1945 నాటి లండన్ హత్య కథ, ఫారెస్ట్ ఆఫ్ డీన్‌లో అతని చిన్నతనం. చెట్టు కొమ్మ మీద నక్కిన పదేళ్ల కుర్రాడు కింద తల్లిని ఎవరితో చూశాడు, ఆ తర్వాత స్కూల్లో చేసిన తప్పు ఎవరి మీదికి నెట్టాడు అన్నదే అసలు కేసు. హత్య కథ మాత్రం నాలుగు, ఐదో భాగాల దగ్గర బాగా చిక్కుపడుతుంది. దాన్ని విప్పాలని టెన్షన్ పడొద్దు, పాటరే పెద్దగా పట్టించుకోలేదు. రెండిట్లో ఏది గొప్పదని నిలదీస్తే మాత్రం నా ఓటు దీనికే.

అంత టైమ్ లేదు, ఒక్క సాయంత్రమే ఉంది అంటే 1979 నాటి ‘బ్లూ రిమెంబర్డ్ హిల్స్’ పెట్టుకోండి. 1943 వేసవిలో ఒక మధ్యాహ్నం, ఏడేళ్ల పిల్లలు అడవిలో ఆడుకుంటుంటారు. ఆ పిల్లలుగా వేసింది పెద్దవాళ్లే. హెలెన్ మిర్రెన్ ఉంది, పొట్టి నిక్కర్లో భారీ మనిషి కాలిన్ వెలండ్ ఉన్నాడు. కాసేపు నవ్వొస్తుంది. తర్వాత పిల్లల క్రూరత్వం పెద్దల చేతుల్లో ఎంత నిజంగా కనిపిస్తుందో చూశాక నవ్వు ఆగిపోతుంది. ఇందులో ఆ పాటల కిటుకు లేదు కాబట్టి పాటర్ సగమే తెలుస్తాడు.

రెండు సీరియళ్లనీ హాలీవుడ్ సినిమాలుగా తీసింది, 1981లో స్టీవ్ మార్టిన్‌తో ఒకటి, 2003లో రాబర్ట్ డౌనీ జూనియర్‌తో ఇంకొకటి. మొదటిదానికి స్క్రీన్‌ప్లేలో ఆస్కార్ నామినేషన్ వచ్చినా, కథని చికాగోకి తరలించేసరికి మనుషులు మారిపోయారు. అసలువి చూడకుండా వీటి జోలికి వెళ్లొద్దు.

1994లో క్యాన్సర్‌తో చనిపోవడానికి కొద్ది వారాల ముందు టీవీ వ్యాఖ్యాత మెల్విన్ బ్రాగ్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూతో మొదలుపెట్టమనేవాళ్లూ ఉన్నారు. మధ్యలో మార్ఫిన్ గుటక వేస్తూ, తన కణితికి మీడియా అధిపతి రూపర్ట్ మర్డాక్ పేరు పెట్టానని చెబుతూ మాట్లాడతాడు. ముందే అది చూస్తే ఆ తర్వాత ఏది చూసినా జాలితోనే చూస్తాం, అందుకే చివరికి ఉంచుకోండి. అప్పుడు రాస్తున్న సీరియళ్లు ‘కెరియోకే’, ‘కోల్డ్ లాజరస్’ ఆయన అడిగినట్టే 1996లో బీబీసీ, ఛానల్ 4 రెండిట్లోనూ వచ్చాయి. మొదటిది పర్వాలేదు. గడ్డకట్టించిన తలలోంచి 24వ శతాబ్దం వాళ్లు జ్ఞాపకాలు తోడుకునే రెండోది, ఆల్బర్ట్ ఫిన్నీ ఉన్నా సరే, వీరాభిమానులకి మాత్రమే.