ఆయిల్ గ్లాస్ ఫర్నేస్‌కి వేస్ట్ హీట్ బాయిలర్ కొంటున్నారా? జాగ్రత్త

చిమ్నీలోంచి పోయే వేడిని పట్టుకుంటే 20 శాతం ఆయిల్ మిగులుతుందని చెప్పి, ఆ వేడితో ఆవిరి తయారు చేసే వేస్ట్ హీట్ బాయిలర్లు అమ్మేవాళ్లు కొందరు చిన్న గ్లాస్ యూనిట్ల చుట్టూ తిరుగుతున్నారు. మాకూ ఒకటి అమ్మారు. డబ్బు వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. అలాంటి కొటేషన్ మీ టేబుల్ మీద కూడా ఉంటే, అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది ఒకసారి చదవండి.

మాది సీసాలు చేసే చిన్న ట్యాంక్ ఫర్నేస్, ఫర్నేస్ ఆయిల్ మీద నడుస్తుంది. రెండు రీజెనరేటర్లు ఉన్నాయి, అంటే పొగ వేడిని ఇటుకల్లో దాచి, లోపలికొచ్చే గాలికి ఇచ్చే గదులు. 1,500 డిగ్రీల దగ్గర బయల్దేరిన పొగ ఆ గదుల్లో జాలీలా పేర్చిన చెకర్ ఇటుకలకు వేడి వదిలి, పొగ, గాలి దారుల్ని అటూ ఇటూ మార్చే రివర్సల్ వాల్వ్ దాటేసరికి 450కి దిగుతుంది. వాళ్ల కన్ను ఈ 450 మీదే.

ముందు ఆ 20 శాతం ఎలా వచ్చిందో చూడండి. గంటకు 100 కిలోల ఆయిల్ కాల్చే ఫర్నేస్ అనుకుందాం. కిలో ఆయిల్ కాలడానికి కనీసం 14 కిలోల గాలి కావాలి. అదనపు గాలి కూడా కలిపితే కిలోకి 18 కిలోల పొగ, అంటే గంటకు 1,800 కిలోలు. దాన్ని 450 నుంచి 30 డిగ్రీల దాకా చల్లారిస్తే గంటకు 2 లక్షల కిలో కేలరీల దాకా వస్తుంది. 100 కిలోల ఆయిల్‌లో ఉన్నది 10 లక్షలకు కాస్త తక్కువ. అదే 20 శాతం! లెక్కలో తప్పేమీ లేదు, కాగితం మీద పొగను గది వేడి దాకా చల్లార్చారంతే. సల్ఫర్ ఉన్న ఆయిల్ పొగను ఎవరూ అంత చల్లార్చలేరు. 200 దగ్గర ఆపాల్సిందే. అప్పుడు చేతికొచ్చేది 1,17,000, అంటే 12 శాతం. పొగ 22 డిగ్రీలు తగ్గితే ఇంధనంలో 1 శాతం అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పుస్తకాల్లో ఉండే మోటు లెక్కతో చూసినా దాదాపు ఇంతే వస్తుంది.

ఆ 12 శాతం కూడా మిగిలిన ఆయిల్ కాదు, ఆవిరి. గంటకు 190 కిలోల ఆవిరి. దాంతో సీసాల ఫ్యాక్టరీలో ఏం చేస్తాం? ఆయిల్ వేడి చేయొచ్చన్నాడు సేల్స్ మేనేజర్. చిక్కటి ఆయిల్‌ని బర్నర్ దగ్గర 110 డిగ్రీలకు తేవాలి, నిజమే. కానీ 100 కిలోల ఆయిల్‌ని 30 నుంచి 110కి తేవడానికి గంటకు 4,000 కిలో కేలరీలు చాలు. వచ్చే వేడిలో అది 4 శాతం కూడా కాదు. ఆటమైజింగ్‌కి, అంటే ఆయిల్‌ని సన్నటి తుంపరగా చిమ్మడానికి, కంప్రెస్డ్ ఎయిర్ బదులు ఆవిరి వాడండి అన్నాడు. ఆవిరిలో నీటి తుంపర కలిస్తే మంట ఎలా ఊగుతుందో బర్నర్ మనిషిని అడిగితే చెబుతాడు. మిగిలిన ఆవిరంతా వెంట్ పైపులోంచి ఆకాశానికే. పక్కన డైయింగ్ యూనిటో, ఆవిరి కొనే ఇంకో ఫ్యాక్టరీయో ఉన్నవాళ్ల సంగతి వేరు. లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

డబ్బు పోవడం ఒక బాధ అయితే, ఫర్నేస్‌కే ముప్పు రావడం అంతకన్నా పెద్ద టెన్షన్. మాకు వచ్చిన బాయిలర్‌లో ఉన్నవి ఫిన్ ట్యూబులు, అంటే ట్యూబు చుట్టూ దగ్గర దగ్గరగా రేకులు. జనరేటర్ ఎగ్జాస్ట్‌కి పనికొచ్చే డిజైన్ అది. గ్లాస్ ఫర్నేస్ పొగలో వచ్చే సరుకు వేరు. కరిగిన గాజు మీద నుంచి సోడియం ఆవిరై, పొగలోని సల్ఫర్‌తో కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది. చల్లబడేకొద్దీ మెత్తటి తెల్లపొడిలా దిగుతుంది. దానికి ఆయిల్ మసి తోడు. ఈ రెండూ కలిసి రేకుల మధ్య సందులన్నీ పూడ్చేశాయి. ఇంకాస్త చల్లటి చోట అదే పొడి ఆమ్లంతో కలిసి జిగురుగా మారుతుంది, ఇక ఊదినా రాదు.

నమ్మించడానికి చూపించినవేమో యూపీలోని గాజు పట్టణం ఫిరోజాబాద్ ఫోటోలు. తాజ్ చుట్టుపక్కల బొగ్గు మానేయాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక అక్కడి ఫర్నేసులు సహజవాయువుకి మారాయి. వేడి గాలి కోసం, పొగ వేడిని గాలికి ఎక్కించే రిక్యూపరేటర్లు పెట్టుకున్నారు, బాగానే నడిచాయి. కానీ గ్యాస్‌లో సల్ఫర్ దాదాపు ఉండదు. మన ఫర్నేస్ ఆయిల్‌లో సల్ఫరే 3, 4 శాతం దాకా ఉండొచ్చు. గ్యాస్ ఫర్నేస్ ఫోటో చూపించి ఆయిల్ ఫర్నేస్ వాడికి అమ్మడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఆ సల్ఫర్ వల్లే ట్యూబులు పోయాయి. అలాంటి పొగలో ఆమ్లం 130 నుంచి 160 డిగ్రీల మధ్య నీరుకట్టడం మొదలెడుతుంది. ‘మా పొగ 200 పైనే బయటికి వెళ్తుంది, భయం లేదు’ అన్నారు. కానీ ట్యూబు గోడ వేడి పొగని బట్టి కాదు, లోపలి నీళ్లని బట్టి ఉంటుంది. ఎకనామైజర్‌లోకి, అంటే బాయిలర్‌కెళ్లే నీళ్లని ముందుగా పొగతో వేడి చేసే భాగంలోకి, ట్యాంక్ నీళ్లు చల్లగా నేరుగా పంపారు. బయట పొగ 250 ఉన్నా ఆ గోడ మీద ఆమ్లం చెమటలా పట్టింది. కింది వరసలు చిల్లులు పడ్డాయి. వారంటీ తీసి చూస్తే, తుప్పు వర్తించదని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఇన్లెట్‌లో నీళ్లు ఎన్ని డిగ్రీలుంటాయో, వాటిని ముందే దేనితో వేడి చేస్తారో డ్రాయింగ్ మీద రాయించుకోండి.

డ్రాఫ్ట్ గురించి, అంటే పొగను పైకి లాగే చిమ్నీ బలం గురించి, కొటేషన్‌లో ఒక్క ముక్క లేదు. 30 మీటర్ల చిమ్నీలో పొగ 450 డిగ్రీలుంటే డ్రాఫ్ట్ సుమారు 20 మిల్లీమీటర్ల వాటర్ కాలమ్. 200కి చల్లారిస్తే అది 12కి పడిపోతుంది. ఉన్నది తగ్గిపోగా, పూడిపోయిన ట్యూబుల అడ్డు ఒకటి. ఫర్నేస్ ప్రెషర్ పెరిగి లోపలికి చూసే పీప్ హోల్స్‌లోంచి, బ్యాచ్ (గాజు ముడిసరుకు) వేసే చోటు నుంచి మంట బయటికి తన్నింది. క్రౌన్, అంటే ఫర్నేస్ పైకప్పు, ఇటుకల సందుల్లోకి సోడియం ఆవిరి దూరితే ఇటుక లోపలే తినేస్తుంది. బాయిలర్ కోసం క్రౌన్ పోగొట్టుకోవడమంటే ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే. పొగను లాగే ఐడీ ఫ్యాన్ పెట్టించుకోండని తర్వాత తీరిగ్గా సలహా ఇచ్చారు. దాని ఖరీదు, దాని కరెంటు బిల్లు మొదటి లెక్కలో లేవు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది బైపాస్ దగ్గర. గ్లాస్ ఫర్నేస్ ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆపరు, ఇది గ్లాస్‌లో ఉన్న పిల్లాడికి కూడా తెలుసు. బాయిలర్ శుభ్రం చేయాలంటే పొగను పక్కదారి పట్టించే డక్ట్, దారి గట్టిగా మూసే డ్యాంపర్లు (తలుపులు) ఉండి తీరాలి. ఖర్చు తగ్గిస్తామని చెప్పి ఆ డక్ట్‌ని డిజైన్‌లోంచి తీసేసింది వాళ్లే. తర్వాత మేమే కట్టించుకున్నాం. డ్యాంపర్ కాస్త లీకవుతున్నా సరే లోపలికి మనిషిని దింపి గీకిద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, ప్రాణం పోతుంది. శుభ్రం చేయడానికి బయటినుంచే తెరిచే తలుపులు, మసి ఊదేసే సూట్ బ్లోయర్లు ఎక్కడున్నాయో డ్రాయింగ్‌లోనే చూడండి. ఫిన్‌లు లేని నున్నటి ట్యూబులే అడగండి.

‘ఇది ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందకి రాదండీ’ అనే మాట కూడా నమ్మొద్దు. 25 లీటర్లు దాటి, ఒత్తిడి మీద ఆవిరి తయారు చేసేది బాయిలరే, నిప్పు కింద లేకపోయినా సరే. డ్రాయింగ్ ఆమోదం, తయారీలో తనిఖీ జరిగిన సర్టిఫికెట్లు లేకపోతే బాయిలర్ల శాఖ రిజిస్టర్ చేయదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే కేసు వాళ్ల మీద కాదు, మన మీద. బదులుగా నీళ్లకి బదులు నూనెని వేడి చేసి తిప్పే థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ ఇస్తామంటే కరెంటు పోయినప్పుడు పంపు ఏమవుతుందో అడగండి. కదలకుండా నిలిచిన నూనె మీద 450 డిగ్రీల పొగ ఆడితే నూనె మాడుతుంది, లీకైతే అంటుకుంటుంది.

గ్యారంటీ ‘ఇన్ని కిలో కేలరీలు’ అని రాయించుకుంటే లాభం లేదు. టన్ను గాజుకి ఎన్ని కిలోల ఆయిల్ తగ్గుతుందో, బాయిలర్ అడ్డు వల్ల డ్రాఫ్ట్ ఎన్ని మిల్లీమీటర్లకు మించి తగ్గకూడదో రాయించండి. పరీక్ష మొదటి వారంలో కాదు, కనీసం 6 నెలలు నడిచాక. మొదటి వారంలో మాది కూడా బ్రహ్మాండంగా నడిచింది! బిల్లులో చెప్పుకోదగ్గ భాగం ఆ పరీక్ష అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. మా దగ్గర ఆగిన ఆ కాస్త డబ్బు వల్లే వాళ్లు ఇప్పటికీ ఫోన్ ఎత్తుతున్నారు.

ఆయిల్ తగ్గించాలంటే వేడిని తిరిగి ఫర్నేస్‌లోకే పంపే దారులు ముందు చూడాలి. మంటకిచ్చే గాలి వేడి 20 డిగ్రీలు పెరిగితే సుమారు 1 శాతం ఆయిల్ మిగులుతుంది, కాబట్టి పూడిన చెకర్లు శుభ్రం చేయించడం బాయిలర్ కన్నా చవక. పొగలో ఆక్సిజన్ కొలిచి అదనపు గాలి తగ్గించాం, పొగ వెళ్లే ఫ్లూ టనెల్ లీకులు పూడ్చాం. కల్లెట్ (పగిలిన గాజు ముక్కలు) దొరికితే ఇంకా మంచిది, బ్యాచ్‌లో 10 శాతం పెంచితే ఎనర్జీ సుమారు 2.5 శాతం తగ్గుతుంది.

మా బాయిలర్ ప్రస్తుతం బైపాస్‌లోనే ఉంది. కింది వరస ట్యూబులు మార్చి ఇస్తామంటున్నారు, అవే ఫిన్ ట్యూబులతో. మేము ఒప్పుకోలేదు. ఆయిల్ మీదే నడిచే గ్లాస్ ఫర్నేస్‌కి, ఇలాంటి యూనిట్ ఏడాది దాటి ఆగకుండా నడుస్తున్న చోటు మీకెక్కడైనా తెలిస్తే చెప్పండి, వచ్చి చూసుకుంటాను.