విమానంలో ఆక్సిజన్ కొలత: సీసాలా, పరికరమా?

విశాఖ నుంచి బంగాళాఖాతం మీదకు ఎగిరి గాలిని కొలవాలంటే కార్బన్ డయాక్సైడ్‌తో పేచీ లేదు. సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420), పరారుణ పరికరం చాలు. టెన్షన్ అంతా ఆక్సిజన్‌తోనే. దాదాపు 2,09,500 పీపీఎంలో ఒకటి రెండు తేడాను పట్టాలి. పైగా మన ఉక్కపోత! గాలిలో 3 శాతం ఆవిరి ఉంటే ఆక్సిజన్ రీడింగ్ వేల పీపీఎం పడిపోతుంది. ఏ దారైనా ముందు గాలిని ఆరబెట్టాల్సిందే.

గాజు సీసాలు: పైన గాలి నింపుకొచ్చి కింద కొలవడం. విమానంలో పని తక్కువ, ల్యాబ్‌లో ఎక్కువ. ఐసోటోపులూ (ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులు) తెలుస్తాయి. నమూనాలు మాత్రం పదుల్లోనే.

అతినీలలోహిత పరికరం: విమానంలోనే కొలత, సెకన్లలో రీడింగ్. కానీ కుదుపులు, లీకులు, ప్రమాణ వాయు సిలిండర్ల (రీడింగ్‌ను సరిచూసే, మోతాదు తెలిసిన గాలి) బరువు.

తొలి ప్రయత్నానికి, చిన్న బడ్జెట్‌కు సీసాలే నయం. ఎత్తు మారేకొద్దీ మార్పు చూడాలంటే పరికరం. 2016లో దక్షిణ మహాసముద్రంపై ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచిన ఆర్కాస్ (ORCAS) పరిశోధన బృందం రెండూ మోసుకెళ్లింది.