పెరటి బాతులు గుడ్లు మానేస్తే కోళ్ల లేయర్ దాణా కొనొచ్చా? బెంగళూరు షాపుల్లో దొరికే బస్తాపై రివ్యూ

బెంగళూరులో ప్రత్యేకంగా బాతుల కోసం తయారైన దాణా దొరకడం కష్టం. కె.ఆర్.పురం, హోసకోటె, యలహంక వైపు దాణా షాపుల్లో అడిగితే కోళ్ల లేయర్ దాణానే, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసిన దాణానే, చూపిస్తారు. పెరట్లో ఐదారు బాతులు పెంచుకుంటూ, గుడ్లు ఆగిపోయాయని దిగులుపడే మన తెలుగువాళ్లు ఆ బస్తాను ధైర్యంగా కొనుక్కోవచ్చు. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాం. అయితే ఏ బస్తా పడితే అది తెచ్చి, పొడిగా గిన్నెలో పోస్తే మాత్రం డబ్బు దండగే.

పెరటి బాతులు గుడ్లు ఆపేసిన చోట మొదట అనుమానించాల్సింది తిండినే. మిగిలిన అన్నం, రాగి ముద్ద, బ్రెడ్డు ముక్కలు వేసి, కడుపు నిండింది కదా అనుకుంటాం. వండిన అన్నంలో ప్రోటీన్ మూడు శాతం కూడా ఉండదు. గుడ్లు పెట్టే బాతుకు తిండిలో 16 నుంచి 18 శాతం ప్రోటీన్, మూడు శాతం దాకా కాల్షియం కావాలి. అన్నం మీద బతికే బాతు కొవ్వు పడుతుంది, గుడ్లు తగ్గిస్తుంది, చివరికి మానేస్తుంది. చలికాలం పగలు చిన్నదవడం వల్లే గుడ్లు ఆగుతాయని ఇంగ్లండు వాళ్లు రాసేది వాళ్లకు నిజమే. అక్కడ డిసెంబరు పగలు సుమారు ఎనిమిది గంటలే. బెంగళూరులో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటల 20 నిమిషాలు ఉంటుంది. అందుకే ఇక్కడ ముందు గిన్నెలో ఏముందో చూడాలి, వెలుతురు పెంచే బల్బు సంగతి తర్వాత.

షాపులో బస్తా మూతికి కుట్టిన కాగితం చీటీ చదవకుండా డబ్బు ఇవ్వొద్దు. దాని మీద ‘లేయర్’ అని ఉండాలి. బ్రాయిలర్ ఫినిషర్, అంటే మాంసం కోళ్లకు చివరి దశలో పెట్టే దాణా, ఇచ్చి రెండూ ఒకటేనంటే ఒప్పుకోకండి. అందులో కాల్షియం ఒక శాతం దగ్గరే ఉంటుంది కాబట్టి పెంకు పలచబడుతుంది, బాతు లావెక్కుతుంది. అంతకంటే ప్రమాదం లేయర్ కాన్సెంట్రేట్. బస్తా చూడటానికి అలాగే ఉంటుంది గానీ, అది మొక్కజొన్న, తవుడు కలుపుకోవడానికి చేసిన సరుకు. నేరుగా పెడితే ప్రోటీన్, ఉప్పు, కాల్షియం అన్నీ మోతాదు మించిపోతాయి. చీటీలో ప్రోటీన్, కాల్షియం శాతాలతో పాటు తయారీ తేదీ చూడండి. నెల లోపు తేదీ అయితే మంచిది.

తేదీ దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశెనగ చెక్కల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, దాన్ని బాతులు కోళ్లకంటే చాలా తక్కువ తట్టుకుంటాయి. 1960లో ఇంగ్లండులో వేరుశెనగ పిండి తిని లక్ష టర్కీ కోడి పిల్లలు చనిపోయినప్పుడే ఈ విషం సంగతి బయటపడింది. అప్పుడు బాతు పిల్లలు కూడా చచ్చిపోయాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి తేమలో బస్తా అడుగు గట్టిపడుతుంది. చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీయండి. గడ్డలు కట్టినా, ముక్క వాసన వచ్చినా ఆ బస్తా వద్దు. కాస్త బాగున్న భాగం ఏరి పెడదామనే ఆలోచన కూడా వద్దు, విషం కంటికి కనిపించదు.

ఇక రకాలు. మ్యాష్ అంటే పిండి, క్రంబుల్ అంటే నూక, పెల్లెట్ అంటే గుళికలు. బాతుకు పెల్లెట్ అన్నిటికంటే మేలు, కానీ లేయర్ పెల్లెట్ అన్ని షాపుల్లోనూ ఉండదు. క్రంబుల్ దొరికితే అదే తీసుకోండి. ఎక్కువగా దొరికేది మ్యాష్, మార్కు తగ్గించింది కూడా దానికే. పొడి మ్యాష్ పెడితే బాతు రెండు ముక్కలు తిని నీళ్ల దగ్గరికి పరిగెత్తుతుంది. ముక్కు అంచుకు అంటుకున్న పిండి ముద్దంతా నీళ్లలో కడిగేస్తుంది. మళ్లీ గిన్నె దగ్గరికి, మళ్లీ నీళ్లకు. కాసేపటికి తొట్టిలో నీళ్లు చిక్కటి జావ రంగుకు మారతాయి. దాణాలో మంచి వాటా ఆ జావలోనే పోతుంది, సాయంత్రానికి పులుస్తుంది.

అందుకే మ్యాష్‌ను తడిపి పెట్టాలి. కిలోకు అర లీటరు లోపు నీళ్లు చల్లుతూ కలపండి. గుప్పెట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. జారుగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టే. ఉదయం, సాయంత్రం రెండు పూటలు పెట్టి, రెండు గంటల్లో తినకుండా మిగిలింది తీసేయండి. మర్చిపోతే ఎండలో పులుస్తుంది, ఆ పులిసిందే విరేచనాలకు దారి. పక్కనే నీళ్ల తొట్టి ఆరు అంగుళాల లోతుండాలి. ముక్కు రంధ్రాలు, కళ్లు మునిగేంత నీరు లేకపోతే దాణా ముక్కులో ఇరుక్కుంటుంది. ఒక్క రోజు నీళ్లు ఆగినా గుడ్లు పడిపోతాయి, కాబట్టి ట్యాంకర్ ఆలస్యమయ్యే వీధుల్లో బాతుల కోసం ఒక డ్రమ్ము విడిగా నింపి పెట్టండి.

పాత తిండి నుంచి ఒక్కసారిగా మార్చొద్దు. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్త దాణా, తర్వాత సగం, తర్వాత ముప్పావు, వారం దాటాక పూర్తిగా. బాతుకు రోజుకు 120 నుంచి 150 గ్రాములు పడుతుంది. ఆరు బాతులకు 140 గ్రాముల చొప్పున రోజుకు 840 గ్రాములు, అంటే 50 కిలోల బస్తా రెండు నెలలు వస్తుంది. వానాకాలంలో అంతకాలం నిల్వ ఉంచడం మంచిది కాదు, అందుకని 25 కిలోలు కొనండి, లేకపోతే పక్కింటివాళ్లతో పంచుకోండి. నేల మీద పెట్టకుండా చెక్క మీద, ఎలుక దూరని మూత డ్రమ్ములో ఉంచండి. ఫలితం రెండు నుంచి నాలుగు వారాల్లో కనిపిస్తుంది. మూడో రోజుకే గుడ్డు రాలేదని మళ్లీ అన్నం వైపు తిరగకండి.

ఆల్చిప్పల గ్రిట్, అంటే నలగ్గొట్టిన ఆల్చిప్పల ముక్కలు, కూడా అదే షాపులో దొరుకుతుంది. తప్పకుండా కొనాల్సిన చవకైన సరుకు. గుడ్డు పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం పోతుంది, పెంకు తయారయ్యేది రాత్రి పూట. దాణాలో కలపకుండా వేరే గిన్నెలో సాయంత్రం పెట్టండి. కావలసిన బాతే వెళ్లి తింటుంది, మగబాతుకు అనవసరంగా కాల్షియం ఎక్కదు. నాలుగు నెలల లోపు పిల్లలకు మాత్రం లేయర్ దాణా, గ్రిట్ రెండూ వద్దు. కాల్షియం వాటి మూత్రపిండాల మీద పడుతుంది.

గుడ్లు పెంచుతాయని అమ్మే ద్రవ టానిక్‌లు బాతులకు డబ్బు దండగ. నీళ్లలో ఇన్ని మిల్లీలీటర్లు అని రాస్తారు. బాతు ఆ నీళ్లలో ముక్కు కడుగుతుంది, సగం చల్లేస్తుంది, ఎంత మందు కడుపులోకి వెళ్లిందో ఎవరికీ తెలియదు.

దాణా మార్చే ముందు అసలు గుడ్లు ఆగాయా అని చూసుకోండి. బాతులు ఎక్కువగా తెల్లవారుజామునే పెడతాయి. పొద్దున్నే వదిలేస్తే పొదల్లో పెట్టి వస్తాయి, కాకులు, ముంగిసలు తినేస్తాయి. వారం రోజులు తొమ్మిది దాకా గూట్లోనే మూసి ఉంచండి. బాతును పట్టుకుని తోక కింద, మలద్వారానికి రెండు పక్కలా ఉండే సన్నటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు మూడు వేళ్లు పడితే గుడ్లు పెడుతున్నట్టు, ఒక్క వేలే పడితే ఆగినట్టు. తర్వాత రెక్క విప్పండి. పొడవైన ఈకలు రాలి, వాటి చోట నీలిరంగు గొట్టాల్లాంటి మెత్తటి మొలకలు కనిపిస్తే ఈకలు మార్చుకుంటోందని అర్థం. ఆ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఏ దాణా పెట్టినా గుడ్డు రాదు. దాణా మాత్రం ఆపకండి, ఈకకూ ప్రోటీనే కావాలి.

దాణా మారి నెల దాటినా కదలిక లేకపోతే అప్పుడు వెలుతురు చూడండి. రోజుకు 14 గంటలు చాలు. ఐదు వాట్ల ఎల్లో ఎల్‌ఈడీ, ఒక టైమర్ కొనండి. పిన్నులు నొక్కే మెకానికల్ టైమర్ తీసుకోవద్దు. కరెంటు పోయినంత సేపూ దాని గడియారం ఆగిపోతుంది, రోజూ గంట కోత ఉన్న వీధిలో వారానికి ఏడు గంటలు వెనకబడుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌కు ఆ బాధ లేదు. వెలుతురు పొద్దున్న పూట పెంచండి, రాత్రి బల్బు ఠక్కున ఆరితే బాతులు చీకట్లో కంగారుపడి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మొదటి వారం ఐదున్నరకు వెలిగించి, వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ నాలుగుకు తీసుకురండి. పొద్దున్న ఏడుకు ఆరిపోయేలా పెడితే సరిపోతుంది.

మూడేళ్లు దాటిన బాతు నుంచి పాత లెక్కన గుడ్లు ఆశించకండి. కొత్తవి కావాలంటే హెసరఘట్టలోని కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థలో ఖాకీ క్యాంప్‌బెల్ పిల్లల కోసం అడగండి. బాగా చూసుకుంటే ఏడాదికి 250కి పైగా పెట్టే జాతి అది. మంద మొత్తం ఒకేసారి గుడ్లు ఆపేసి, ఆకుపచ్చ విరేచనాలు, కళ్ల వెంట నీరు, నడవలేకపోవడం కనిపిస్తే దాణా గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు. బాతు ప్లేగు కావచ్చు. ఆ రోజే హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆరోగ్యంగా ఉన్నవాటిని వెంటనే వేరు చేయండి.