పులికాట్టా, కోరింగా?

నవంబరులో పక్షుల కోసం ఒక్క రోజే దొరికితే నా ఓటు పులికాట్ సరస్సుకే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది కాబట్టి బండి పక్కకి ఆపి బైనాక్యులర్స్ పెడితే చాలు, నీళ్లు మరీ లోతుగా లేకపోతే ఫ్లెమింగోలు, ఎలాగూ కొంగలు కనబడతాయి, పైగా దగ్గర్లోని నేలపట్టులో చెరువులోని కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) అప్పటికే గూళ్లు మొదలుపెట్టి ఉంటాయి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కాక దూరంగా ఉన్నవేవీ సరిగ్గా ఆనవు.

కాకినాడ దగ్గర కోరింగ వేరే లోకం. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడక, లకుముకి పిట్టలు, సముద్రం పోటు తగ్గాక బురదలో ఉల్లంకులనే చిన్న పిట్టలు. గుంపులు కాదు, ఒక్కో పిట్టని ఓపిగ్గా వెతుక్కోవాలి. పిల్లలతో అయితే కోరింగే హాయి. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం రెండూ వద్దు.