జాన్ మార్టిన్‌ను ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

గ్లాస్గోలో పెరిగిన గాయకుడు, గిటారిస్టు జాన్ మార్టిన్ 2009లో పోయాడు. జానపద గిటారును జాజ్‌తో కలిపిన గొంతు అది. మాటలు ముద్దగా, మత్తుగా, వాయిద్యంలా వినబడతాయి. కొత్తగా వినేవారికి రెండు దారులు: ‘సాలిడ్ ఎయిర్’ (1973), కచేరీ రికార్డింగ్ ‘లైవ్ ఎట్ లీడ్స్’ (1975).

ఖర్చు: స్ట్రీమింగ్‌లో తేడా లేదు. పాత ఎల్పీ (వినైల్ రికార్డు) కావాలంటే ‘లీడ్స్’ జేబుకు బరువే. మార్టిన్ 10,000 ప్రతులే సొంతంగా వేసి, ఇంగ్లండ్‌లో హేస్టింగ్స్‌లోని ఇంటి నుంచి తపాలాలో అమ్మాడు.

ఓపిక: ‘సాలిడ్ ఎయిర్’ అరగంట పైచిలుకు. ‘లీడ్స్’లో మొదటి పాటే దాదాపు 19 నిమిషాలు. ఎకోప్లెక్స్ (టేపుతో ప్రతిధ్వని పుట్టించే యంత్రం) గుండా వచ్చే గిటారు తన ప్రతిధ్వనినే తరుముతుంటే, డానీ థాంప్సన్ డబుల్ బాస్ కింద నుంచి మూలుగుతుంది, జాన్ స్టీవెన్స్ డ్రమ్స్ తాళం చెప్పకుండా చుట్టూ తిరుగుతాయి. ముగ్గురూ ఒకరి మాట ఒకరు వింటున్నారని తెలిసిపోతుంది. నాకు ఇదే ఇష్టం.

చిక్కు: మొదటిదాన్ని నేపథ్య సంగీతంగా వదిలేయవచ్చు, మిత్రుడు, గాయకుడు నిక్ డ్రేక్ కోసం రాసిన పాట అలా జారిపోతే నష్టమే. రెండోది విసుగనిపించవచ్చు.

మార్టిన్ తాగుడు, మాజీ భార్య బెవర్లీ చెప్పిన అతని హింస తెలిశాక ఏది విన్నా గొంతులో ముల్లు ఉంటుంది.

రాత్రి ఒంటరిగా, పాటల కోసమైతే ‘సాలిడ్ ఎయిర్’. జాజ్ చెవి, తీరిక ఉంటే ‘లీడ్స్’.